వడ్డించేవాడు ఎవరివాడూ కాకూడదు

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు లోకాన్ని మార్చమని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను మాట్లాడేది చాలా చిన్న సంగతి: యంత్రంలోంచి బయటికి వెళ్లే ప్యాకెట్ల వరుస. నెట్‌వర్కింగ్ చదివిన మీలో కొందరు రేపటి నుంచి ఆ వరుసలో ఏది ముందు కదలాలో, ఏది ఆగాలో నిర్ణయించబోతున్నారు.

కువైట్‌లోని ఈ ఫింటాస్‌లో, పక్కనున్న మహబూలాలో, మంగాఫ్‌లో మనవాళ్లు చాలామంది ఎలా ఉంటారో మీకు తెలుసు. ఒక ఫ్లాట్, నలుగురైదుగురు మనుషులు, ఒక్క రూటర్. ఇక్కడ రాత్రి ఎనిమిదయితే రాయచోటిలో పదిన్నర. ఇంట్లోవాళ్లు నిద్రపోయేలోపు మాట్లాడాలని అందరూ ఒకేసారి ఇమోకో వాట్సాప్‌కో ఎగబడతారు. అప్పుడే ఒకతను పెళ్లి వీడియో అప్‌లోడ్ పెడతాడు. పక్క మంచం మీద ఉన్నతను "హలో, అమ్మా, వినపడుతోందా?" అని అరుస్తూనే ఉంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అప్‌లింక్ సెకనుకు 2 మెగాబిట్లు, ప్యాకెట్లు వేచి ఉండే బఫర్ 256 కిలోబైట్లు అనుకోండి. ఆ బఫర్ వీడియో ప్యాకెట్లతో నిండిపోతే, చివర చేరిన మాట బయటపడేసరికి సెకను దాటిపోతుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకపోతేనే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) ప్రమాణం.

ముందొచ్చినవాడికి ముందు అనే పద్ధతి పైకి ధర్మంగానే కనిపిస్తుంది. కానీ అక్కడ ఎక్కువ కుమ్మరించినవాడికే ఎక్కువ దక్కుతుంది. 1985 డిసెంబరులో జాన్ నేగుల్ ఆర్‌ఎఫ్‌సీ 970 అనే పత్రంలో ఈ లోపాన్ని ఎత్తి చూపాడు. పంపేవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో క్యూ పెట్టి, వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీయమన్నాడు. అప్పుడు ఆశపోతు ఎంత పంపినా పెరిగేది అతని క్యూయే. మన పంక్తి భోజనం లాంటిదే ఇది. గరిటె పట్టినవాడు ఒకే విస్తరి నింపుతూ కూర్చోడు, వరుసంతా తిరుగుతాడు.

అయితే ఒకరి ప్యాకెట్ 1500 బైట్లు, మరొకరిది 200 బైట్లు ఉంటే వంతులు సమానమైనా వాటాలు సమానం కావు. 1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ ప్యాకెట్లకు బదులు బిట్లను లెక్కపెట్టే పద్ధతి చూపారు. 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ దాన్ని చవకగా నడిచేలా చేశారు. వంతుకు ఇన్ని బైట్లు అని ప్రతి క్యూకూ ఒక కోటా ఇస్తారు. ప్యాకెట్ అందులో పట్టకపోతే ఆ కోటా పోదు, వచ్చే వంతుకు జమ అవుతుంది. 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ మరో అడుగు వేసి, క్యూ పొడవును కాకుండా ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూడమన్నారు. 100 మిల్లీసెకన్ల పాటు నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు తగ్గకపోతే ప్యాకెట్లు వదిలేయడం మొదలవుతుంది. పంపేవాడు అది గమనించి వేగం తగ్గించుకుంటాడు. కోటా వంతులు, నిరీక్షణ లెక్క అనే ఈ రెండు ఆలోచనలనూ కలిపి ఎరిక్ డ్యూమజే అదే ఏడాది లినక్స్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్‌గా పెట్టాడు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అప్పుడప్పుడూ కాసిన్ని ప్యాకెట్లు పంపే క్యూకి ముందు వంతు వస్తుంది. అమ్మతో మాట్లాడే కాల్ నాది అత్యవసరం అని చెప్పుకోనక్కర్లేదు. తక్కువ అడగడమే దాని అర్హత.

అత్యవసరం అన్న ముద్రను మాత్రం జాగ్రత్తగా చూడండి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని మన సామెత. ప్రాధాన్యం ఒక్కటే చూసే క్యూలో జరిగేది అదే. పై వరుసలో ప్యాకెట్లు ఉన్నంతసేపూ కింది వరుస పస్తుంటుంది. ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు కనుక అందరూ వేసుకుంటారు. 2018లో లినక్స్‌లో చేరిన కేక్ అనే క్యూ పద్ధతి దీనికి మందు కనిపెట్టింది: పై తరగతికి ముందు వంతు ఉంటుంది, తన వాటా దాటగానే ఆ ముందు వంతు పోతుంది. ఒకే ఫోను యాభై కనెక్షన్లు తెరిచి యాభై వాటాలు లాక్కోకుండా ముందు పరికరాల మధ్య, తర్వాత వాటి కనెక్షన్ల మధ్య పంచుతుంది. సమానంగా పంచాం అని ఎవరైనా అంటే, ఎవరెవరి మధ్య అని అడగడం దీన్నుంచి నేర్చుకోండి.

ఇంకో మాట. వరుస ఎక్కడ కడుతుందో పెత్తనం అక్కడే ఉంటుంది. అందుకే మీ రూటర్ పంపే వేగాన్ని లైను వేగం కన్నా కాస్త తక్కువకు కట్టడి చేయండి. అప్పుడు క్యూ ఎవరిదో మోడెంలో కాక మీ దగ్గర పేరుకుంటుంది. ఆ కాస్త వేగం వదులుకోకపోతే ఎంత గొప్ప పద్ధతైనా దండగే. మన చేతిలో లేనివీ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు కువైట్‌లోనూ నెట్ నెమ్మదించింది. చుట్టుదారిలో వెళ్లే దూరాన్ని ఏ క్యూ తగ్గించలేదు. మన గుమ్మం దగ్గర జరిగే జాప్యం మాత్రం మన బాధ్యతే.

మీ మొదటి ఉద్యోగంలో ఎవరో ఒకరు మీకు ప్రాధాన్యాల జాబితా ఇస్తారు. పై అధికారి వీడియో మీటింగ్ పైన ఉంటుంది, ఇంకేవో కింద ఉంటాయి. మారు మాట్లాడకుండా దాన్ని రూటర్‌లోకి ఎక్కించేయకండి. లైను నిండా అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ ఎంతో కొలవండి. జాబితాలో పేరు లేనివాడికి ఏం మిగులుతోందో అంకెల్లో రాసి, ఆ కాగితం పట్టుకుని వెళ్లి మాట్లాడండి. మీ చదువు మీకు ఇచ్చిన అధికారం అదే. దాన్ని మొహమాటం లేకుండా వాడండి.