పాదానికి తగిన చెప్పు, కూర్చోవడానికొక పీట



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం గర్భసంచి గురించి, రక్తహీనత గురించి, హింస గురించి చర్చిస్తాం. అది అవసరమే. కానీ మన చర్చ పాదాల దాకా రాదు. కాళ్లకు బలపాలు కట్టుకుని ఊళ్లు తిరిగే కార్యకర్తలమై ఉండి కూడా మన కాళ్లను మనం పట్టించుకోం. అందుకే ఇవాళ ఒక చిన్న కీలు గురించి మాట్లాడదలచుకున్నాను.

కొందరికి కాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఒరుగుతుంది. దాని మొదట్లోని కీలు బుడిపెలా బయటికి పొడుచుకు వస్తుంది. దీన్ని ఇంగ్లీషులో బనియన్ అంటారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది మగవాళ్ల లోచొక్కాయే! పేరు తెలియని నొప్పిని ఆడవాళ్లు 'ఏదో కాలునొప్పి' అని సరిపెట్టుకుంటారు.

పుట్టుకతో వచ్చిన పాద నిర్మాణం దీనికొక కారణం. ముందు భాగం ఇరుకుగా, మడమ ఎత్తుగా ఉన్న చెప్పులు దాన్ని మరింత ముదరబెడతాయి. ఎత్తు మడమ ఒంటి బరువును ముందుకు నెడుతుంది, ఇరుకు ముక్కు వేళ్లను ఒకచోటికి నొక్కుతుంది. ఈ సమస్య పురుషుల్లో కన్నా స్త్రీలలో ఎక్కువ. 'లేడీస్ మోడల్' అనే చెప్పు ఆడదాని పాదాన్ని చూసి తయారైంది కాదు, ఆడదాని పాదం ఎలా కనిపించాలో ఊహించి తయారైంది. పితృస్వామ్యం మనసులో మాత్రమే ఉండదు, చెప్పుల అచ్చులో కూడా ఉంటుంది.

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకోండి. చెప్పు అడుగుభాగం ఆ గీత కన్నా సన్నగా ఉంటే దాన్ని కొనకండి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. బుడిపె మీద కుట్టు గానీ గట్టి పట్టీ గానీ ఆనకూడదు. వదులు చేసుకోగల పట్టీ, మెత్తని పైభాగం, తక్కువ ఎత్తున్న వెడల్పాటి మడమ మేలు. బొటనవేలు దూర్చే ఉంగరం చెప్పు చాలామందికి సరిగ్గా నొప్పి ఉన్నచోటే ఒరుసుకుంటుంది. 'వాడగా వాడగా సాగుతుంది' అన్న దుకాణదారు మాట నమ్మొద్దు. మంచి చెప్పు నొప్పిని తగ్గిస్తుంది గానీ ఒరిగిన వేలును తిన్నగా చెయ్యదు. మధుమేహం ఉన్నవాళ్లు, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు చిన్న పుండునైనా వెంటనే డాక్టరుకు చూపించాలి.

అయితే ఎంచుకోవడం అనే మాట దగ్గరే ఒక ప్రశ్న ఉంది. ఎంచుకునే వీలు ఎవరికుంది? ఇంట్లో పిల్లల బూట్లు, మగవాళ్ల బూట్లు అయ్యాకే ఆమె చెప్పుల వంతు వస్తుంది. హోటల్ రిసెప్షన్‌లోనో బట్టల షాపులోనో పనిచేసే అమ్మాయి ఏం వేసుకోవాలో, ఎన్ని గంటలు నిలబడాలో యజమాని నిర్ణయిస్తాడు. మంచి చెప్పు కొనుక్కున్నా, రోజంతా కూర్చోనివ్వకపోతే ఆ కాలికి విశ్రాంతి ఎక్కడిది?

దీనిమీద స్త్రీలు పోరాడారు. కోళికోడ్‌లో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు విజి నాయకత్వంలో 'పెణ్‌కూట్టు'గా సంఘటితమయ్యారు. మూత్రశాల కోసం మొదలైన వాళ్ల పోరాటం కూర్చునే హక్కు దాకా సాగింది. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే ఉండేది. అది దుకాణం కౌంటరు దాకా రావడానికి 70 ఏళ్లు పట్టిందన్నమాట!

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2017లో స్త్రీలను ఎత్తుమడమల చెప్పులు వేసుకోమని బలవంతపెట్టరాదని ఉత్తర్వు ఇచ్చింది. జపానులో 2019లో యుమి ఇషికవా ఇదే కోరికతో సంతకాలు సేకరించి ప్రభుత్వానికి అందజేసింది. చెప్పులకూ నొప్పికీ ఆ భాషలో ఉన్న మాటలు దగ్గరగా ఉంటాయి. ఆ రెంటినీ కలిపి ఆ ఉద్యమానికి 'కుటూ' అని పేరు పెట్టారు.

మరి మన మాటేమిటి? మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాల్లోని స్త్రీలకు కూర్చునే చోటు ఉందో లేదో ఒక్కో బజారుకు వెళ్లి చూద్దాం. గడపగడపకూ తిరిగే ఆశా కార్యకర్తలకు, పారిశుద్ధ్య కార్మికులకు సరైన చెప్పులు పని ఇచ్చేవారే సమకూర్చాలని అడుగుదాం. మగవాళ్ల బూట్లలో చిన్న సైజు తీసి ఇస్తే చాలదు, ఆడవాళ్ల పాదాలు కొలిచి చేయించాలి. ముందుగా మన సంస్థల బడ్జెట్లలో క్షేత్ర కార్యకర్తల చెప్పులకు ఒక పద్దు ఉందా? లేకపోతే వచ్చే సమావేశం ఎజెండాలో దాన్ని చేర్చమని మీ అందరినీ కోరుతున్నాను.