చూడి లెక్క వున్న ఇంట గర్భిణి లెక్క

(ఉప్పలగుప్తంలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు వెన్న శాతం గురించో, వాటాధనం గురించో, ఆడిట్ అభ్యంతరాల గురించో చెబుతానని మీరు అనుకొని వుంటారు. ఇవాళ ఆ లెక్కలు పక్కన పెట్టి, నెలలు నిండకుండా జరిగే కాన్పుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఈ సంగతి నా కంటబడింది లెక్కల పుస్తకంలోనే.

ఒక సంఘంలో పాల రిజిస్టరు తనిఖీ చేస్తున్నాను. రెండు పూటలా తప్పకుండా పాలు పోసే ఒక సభ్యురాలి ఖాతా ఒక తేదీ నుంచి ఆరు వారాలు ఖాళీగా వున్నది. కార్యదర్శిని అడిగితే, “కోడలికి నెలలు నిండకుండా కాన్పు వచ్చిందండి. బిడ్డ కిలో నాలుగు వందల గ్రాములు. అందరూ ఆసుపత్రిలోనే వున్నారు. గేదెను అమ్మేశారు” అన్నాడు. తరువాత ఒకనాడు ఆ ఇంటికి వెళ్లాను. సావిట్లో గోడ క్యాలెండరు మీద గేదెకు ఎద సూది వేయించిన తేదీ, చూడి పరీక్ష తేదీ, ఈనవలసిన తేదీ పెన్సిలుతో రాసి వున్నాయి. గేదె లేదు, తేదీలు వున్నాయి. కోడలికి నెల తప్పిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. ఆసుపత్రిలో “ఎన్నో వారం?” అని డాక్టరుగారు అడిగితే అత్తగారు ఏడో నెల అన్నారట, కన్నతల్లి ఎనిమిదో నెల అన్నదట. భగవంతుని దయవల్ల బిడ్డ దక్కింది. కాని ఆ ప్రశ్నకు జవాబు ఎందుకంత ముఖ్యమో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు.

గేదె చూడికాలం సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280 రోజులు అని మనలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మనిషికి చివరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తే 280 రోజులు, అనగా 40 వారాలు. 37 వారాలు నిండకముందే పుడితే దానిని నెలలు నిండని కాన్పు అంటారు. 2020 సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. అయిదేళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం ఇదే.

“ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు” అని మన పెద్దలు అనే మాట వున్నది. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డను చూసి నిరాశపడి ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆలస్యం చేయకండి.

ఇక కారణాలు. చాలా కాన్పులలో కారణం తెలియనే తెలియదు. గనుక ఆ తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. తెలిసిన కారణాలలో మన చేతిలో వున్నవి మాత్రం చెబుతాను.

మొదటిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణులలో 52 శాతానికి పైగా రక్తహీనులు. మన రాష్ట్రంలోనూ సగానికి పైనే. గర్భిణికి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గరాదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 ఐరన్ ఫోలిక్ ఆమ్లం బిళ్లలు ఉచితంగానే ఇస్తారు. ఈ బిళ్లకు మన గోదావరి నీళ్లతో సంబంధం వున్నది. 1928 తరువాత లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంలో దానికి మందు వున్నదని కనిపెట్టారు. ఆ మందే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతటి బిళ్లను మన ఇళ్లలో చూరులో దోపి వదిలేస్తున్నాము!

ఒక జాగ్రత్త. ఈ బిళ్లను పాలతోగాని, టీతోగాని మింగకూడదు. ఇనుము ఒంటబట్టదు. మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో మింగాలి. కాల్షియం బిళ్ల కూడా వేరే పూట వేసుకోవాలి. పాలు మరో వేళ తాగాలి. తాగాలి అని గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పాలన్నీ కేంద్రానికి పోసి కోడలికి పలచని మజ్జిగ మిగిల్చే ఇళ్లను నేను ఎరుగుదును. మీ ఖాతాలో రోజుకు అరలీటరు తగ్గితే సంఘం మునిగిపోదు.

రెండవది రక్తపు పోటు. 140/90 దాటితే ప్రమాదం. ముఖం, చేతులు వాచడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం దాని గుర్తులు. ముదిరితే గుర్రపువాతం వచ్చి తల్లికీ బిడ్డకూ ముప్పు. “కడుపుతో వున్నవాళ్లకు నీరు రావడం మామూలే” అని సరిపెట్టుకోవద్దు. చక్కెర వ్యాధిని కూడా పరీక్ష చేయించాలి.

మూడవది అంటురోగాలు. మూత్రంలో మంట వుంటే సిగ్గుపడి దాచుకోవడం వల్ల కూడా కాన్పు ముందుకు వస్తుంది. పాడివాళ్లకు ప్రత్యేకంగా మరొకటి వున్నది. గేదె అయిదో నెల దాటాక ఈసుకుపోతే బ్రూసెల్లోసిస్ అని అనుమానించాలి. అది మనుషులకూ సోకుతుంది. గర్భిణికి సోకితే గర్భస్రావంగాని, ముందస్తు కాన్పుగాని కావచ్చు. గనుక ఈనే గేదె దగ్గర, ఈసుకుపోయిన గేదె దగ్గర గర్భిణిని వుంచకండి. మాయను, పడిన దూడను తొడుగులు వేసుకున్న మగవారు తీసి సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. పచ్చిపాలు ఎవరూ తాగరాదు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు.

నాలుగవది పని, వయస్సు, ఎడం. గేదె ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపి, దాణా పెంచుతాము. కోడలు మాత్రం తొమ్మిదో నెలలోనూ గడ్డిమోపు ఎత్తుతుంది, పేడతట్ట మోస్తుంది. ఇది న్యాయమేనా? 18 ఏళ్లు నిండకుండా పెళ్లి వద్దు. కాన్పుకు, మళ్లీ గర్భానికి మధ్య రెండేళ్లు వుండాలి. ఇంట్లో చుట్టపొగ వద్దు. ముందొకసారి నెలలు తక్కువ కాన్పు అయినవారు, కవలలు వున్నవారు మొదటి నుంచే డాక్టరుగారి కనుసన్నల్లో వుండాలి.

ఇప్పుడు “ఎన్నో వారం?” అన్న ప్రశ్నకు వస్తాను. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా వుంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇస్తారు. వాటివల్ల బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి. పూర్తిగా పనిచేయడానికి ఒక రోజైనా వ్యవధి కావాలి. వారాల లెక్క తెలియకపోతే ఆ నిర్ణయం కష్టం, ఆలస్యమైతే అవకాశమే లేదు. అందుచేత పొట్ట వుండి వుండి గట్టిపడినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి అమలాపురమో కాకినాడో, పసికందులకు వైద్యం వున్న చోటికి చేరండి. బిడ్డ తక్కువ బరువుతో పుడితే తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా వెచ్చగా వుంచాలి. తండ్రి అయినా అలా పెట్టుకోవచ్చు.

సంఘాలకు మూడు మనవులు. ఒకటి: గేదె తేదీ రాసే క్యాలెండరు మీదనే కోడలికో కూతురికో చివరి ముట్టు తేదీ రాయండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తారు, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. పురిటికి పుట్టింటికి పంపేటప్పుడు చీరె సారెలతోపాటు ఆసుపత్రి కార్డు పంపడం మరవకండి. రెండు: ఆసుపత్రి ప్రయాణానికి పాల బిల్లు మీద అడ్వాన్సు ఇచ్చేలా పాలకవర్గాలు తీర్మానం చేయండి. తీర్మానం, రశీదు, వసూలు సక్రమంగా వున్న అడ్వాన్సుకు నేను ఆడిట్ అభ్యంతరం రాయను. మూడు: సంఘం పరిధిలోని పెయ్యదూడల జాబితా రాసి పశువైద్యశాలకు ఇవ్వండి.

వచ్చేసారి తనిఖీకి వచ్చినప్పుడు మీ రిజిస్టర్లు ఎలాగూ చూస్తాను. వీలైతే మీ సావిళ్లలో క్యాలెండర్లు కూడా చూస్తాను.