నెలసరి తప్పితే దాచకండి, చూపించండి
(వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద కుట్టు మిషన్ల గురించి, ఉపకార వేతనాల గురించి, పేద ఆడపిల్లల నికాహ్‌కు మీరిచ్చిన సాయం గురించి మీకు లెక్క చెబుతుంటాం. ఈసారి నలుగురిలో మాట్లాడటానికి మేమే సంకోచించిన విషయం ఒకటి చెబుతున్నాం. ఇది ఆడపిల్లల నెలసరికి సంబంధించింది. తండ్రులు, అన్నలు లేచి వెళ్లవద్దని మనవి. డాక్టరు ఫీజు ఇచ్చేది మీరే, పెళ్లి సంబంధాలు మాట్లాడేదీ మీరే.

మా కుట్టు కేంద్రానికి వచ్చే ఒక తల్లి తన కూతురి స్కానింగు రిపోర్టు తెచ్చి చూపించింది. అమ్మాయికి 19 ఏళ్లు. నాలుగైదు నెలలకోసారి గానీ నెలసరి రాదు. మూడేళ్లుగా మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చి మింగిస్తున్నారు. నెలసరి రాగానే నయమైందనుకుని వదిలేస్తున్నారు. ఆఖరికి స్కానింగు తీయిస్తే ‘నీటి బుడగలు’ ఉన్నాయన్నారు. ఆ మాట చుట్టాల్లో పాకింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. “మా పిల్లకి ఇక పిల్లలు పుట్టరా, ఆపా?” అని ఆ తల్లి అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఇద్దరినీ లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి తెలుసుకున్నదే మీ ముందు పెడుతున్నాం.

దీని పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. పీసీఓఎస్ అంటారు, మనవాళ్ల నోట పీసీఓడీ. 1935లో అమెరికాలోని షికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది. వారిలో 70 శాతం దాకా జబ్బు నిర్ధారణ కాకుండానే ఉండిపోతున్నారు. అంటే ఈ హాలులో కూర్చున్న కుటుంబాల్లోనూ ఉండే ఉంటుంది.

మొదట ‘బుడగలు’ అన్న మాట సరిచేసుకుందాం. అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి. గడ్డలు కావు. అండం పెరిగే చిన్న చిన్న సంచులు. మామూలుగా నెలకొకటి పూర్తిగా పెరిగి అండాన్ని విడుదల చేస్తుంది. ఈ జబ్బులో చాలా సంచులు సగంలో ఆగిపోతాయి. అండం విడుదల కాదు కాబట్టి నెలసరి వెనక్కి పోతుంది. ఈ పేరే జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని, మార్చాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందం 2012లోనే సిఫారసు చేసింది.

అసలు గొడవ చాలామందిలో ఇన్సులిన్ దగ్గర ఉంటుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించదు. అప్పుడు శరీరం దాన్ని మరింత తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తాయి. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, తలమీద జుట్టు పలచబడటం అందుకే. మెడ వెనక నల్లబడితే మురికి అనుకుని సున్నిపిండితో రుద్దుతుంటాం. చాలాసార్లు అది ఇన్సులిన్ ఎక్కువైందన్న గుర్తు. సన్నగా ఉన్న పిల్లలకీ ఈ జబ్బు రావచ్చు. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లుంటే మరింత జాగ్రత్త పడాలి.

స్కానింగు ఒక్కదానితో తీర్పు చెప్పకూడదు. నెలసరి తేడా, మగ హార్మోన్ల లక్షణాలు, స్కానింగులో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. థైరాయిడ్, ప్రోలాక్టిన్ వంటి ఇతర కారణాలు లేవని రక్తపరీక్షతో తేల్చుకోవాలి. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కానింగు మీద ఆధారపడవద్దని 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో మామూలు పిల్లలకూ అలాగే కనిపించవచ్చు. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం సహజం. ఆ తర్వాత ఎప్పుడైనా 90 రోజులు దాటినా రాకపోతే మాత్రం తప్పక చూపించాలి.

ఎందుకంటే నెలల తరబడి నెలసరి ఆగితే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ క్యాన్సరు వచ్చే ముప్పు పెరుగుతుంది. షుగరు, బీపీ త్వరగా రావచ్చు. దిగులు, కుంగుబాటు కూడా ఈ జబ్బులో ఎక్కువే.

ఇక ఆ తల్లి ప్రశ్నకు జవాబు. పిల్లలు పుడతారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది తల్లులవుతున్నారు. కొందరికి అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మాత్రలు అవసరమవుతాయి. ఆలస్యమైతే భర్తకూ పరీక్ష చేయించాలి. తప్పంతా కోడలిదేనని పుట్టింటికి పంపడం న్యాయం కాదు.

జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచాలి. చాయ్‌లో చక్కెర తగ్గించాలి. వారానికి 150 నిమిషాలైనా వేగంగా నడవాలి. ఆడపిల్ల బయట నడవడం కుదరకపోతే మేడ మీదైనా నడవనివ్వండి. డాక్టరు రాసిన హార్మోను మాత్రల పెట్టె మీద గర్భనిరోధకం అని చూసి తల్లులు బెదిరిపోతున్నారు. పెళ్లికాని పిల్లకు వాటిని ఇచ్చేది నెలసరిని సరిచేయడానికే. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి వేళలు మార్చుకోవాలి, సొంతంగా ఆపకూడదు.

దాతలకు మా విన్నపం ఇదీ. ఒక నికాహ్‌కు మనం పెట్టే ఖర్చులో చిన్న వంతుతో కొందరు పేద పిల్లలకు లేడీ డాక్టరు సలహా, రక్తపరీక్షలు, దారి ఖర్చులు అందుతాయి. జకాత్ నుంచి ఇవ్వాలా, సదఖా నుంచా అన్నది ఉలమాలను అడిగే నిర్ణయిస్తాం. రిపోర్టులు మహిళా విభాగం దాటి బయటికి పోవు, ఆ పూచీ మాది. డబ్బుతో పాటు మరొకటి కూడా అడుగుతున్నాం. సంబంధాలు మాట్లాడే చోట ఎవరైనా ‘బుడగలు’ అంటే, ఈరోజు విన్నది వాళ్లకూ చెప్పండి.

ఆ అమ్మాయి మందులు వాడుతోంది, రోజూ తల్లితో కలిసి మేడ మీద నడుస్తోంది. నెలసరి వస్తోంది. తప్పిపోయిన సంబంధం మాత్రం తిరిగి రాలేదు. అది జబ్బు చేసిన నష్టం కాదు, మనకు తెలియకపోవడం వల్ల జరిగింది. మరో ఇంట్లో అలా జరగకుండా చూసే శక్తి అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.