తల్లి కంచము



మన యిండ్లలో వంట చేసిన చేయి తుదకు భోజనము చేయుట వాడుక. నేనును ఇరువది యేండ్లు ఆ వాడుకనే పాటించితిని. అందఱికిని వడ్డించి, గిన్నెల యడుగున మిగిలిన పులుసును, మాడిన అన్నమును తినుచు, అదియే తల్లి ధర్మమని తృప్తిపడితిని.

ఒకనాటి రాత్రి మా పదుమూడేండ్ల అమ్మాయి కంచము ముందఱ కూర్చుండలేదు. "అన్నయ్యను తిననీ అమ్మా, నేను తరువాత నీతో తింటాను" అనెను. ఆ మాట నా గుండెలో ములుకువలె నాటినది. నేను నోట చెప్పని పాఠమును అది కంటితో నేర్చుకొన్నది.

ఎదుగుచున్న ఆడపిల్లకు నెలనెలకు కొంత రక్తము పోవును. దానిని పూరించుటకు ఆహారములో ఇనుము కావలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. పురుషులలో నూటికి 25 మందికే. ఇందులకు కారణములు పెక్కు. మన వంటయింటి వరుసయు అందొకటి కాదా?

మఱునాటి నుండి నలుగురమును ఒక్కసారియే కూర్చుండుచున్నాము. తోటకూర పప్పుపై నిమ్మకాయ పిండుకొందుము. అందలి సి విటమిను ఇనుమును ఒంటికి పట్టించును. భోజనము వెంటనే తేనీరు త్రాగుట మానితిమి. అది ఇనుమును పట్టనీయదు. మొదట అబ్బాయి గొణిగెను. ఇప్పుడు కూర తక్కువైనచో, "అమ్మకు ఉన్నదా?" అని వాడే గిన్నెలోనికి తొంగిచూచుచున్నాడు.

ఈ రాత్రి మీ కంచమును గూడ అందఱి కంచముల నడుమ పెట్టుకొనుడు. మీ అమ్మాయి చూచుచుండును.