రెగ్యులేటరు మీద చెయ్యి వేసేముందు



నన్ను జనరేటరు గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. సర్వీసంతా డీజిల్ సెట్లతో గడిపినవాణ్ణి. అయినా రిటైరయ్యాక జరిగిన సంగతే చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయాయి. కరెంటు లేదు, అంచేత మంచినీళ్లూ లేవు. మా అత్తవారి ఊళ్లో ట్యాంకు మోటారుకి అద్దె జనరేటరు తెచ్చారు. 415 ఓల్టులు ఇవ్వవలసిన సెట్టు, మోటారు వేయగానే 340కి దిగిపోతోంది. మోటారు మూలుగుతోందే గాని నీరెక్కడం లేదు. బిందెలు వరసలో ఉన్నాయి.

"రెగ్యులేటరు పోనాది మావా, కొత్తది విశాఖ నుంచి రావాల" అన్నాడు ఆపరేటరు కుర్రాడు. అప్పటికే ఓల్టేజి పెంచే స్క్రూ చివరిదాకా తిప్పేశాడు. వాణ్ణి ఏమనగలను? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే తిప్పాను. ఇంజను ఒక్కసారిగా ఊపందుకునేసరికి గదిలో బల్బులన్నీ పేలాయి. మెమో కూడా అందుకున్నాను.

సెట్టు ఆపించి, ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పాను. మళ్లీ నడిపించి సైకిల్స్ మీటరు చూస్తే, లోడు మీద 44. నాలుగు పోళ్ల యంత్రం 50 సైకిల్స్ ఇవ్వాలంటే నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. ఇది 1320 దగ్గరే కుంటుతోంది. వేగం పడిపోతే రెగ్యులేటరు కావాలనే ఓల్టేజి తగ్గిస్తుంది, లేకపోతే ఫీల్డు వైండింగు మాడిపోతుంది. పాపం, అది తన డ్యూటీ తాను చేస్తోంది. జబ్బు ఇంజనుది. ఓల్టేజి తగ్గిన మోటారేమో అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు పీలుస్తుంది. అలాగే నడిపి ఉంటే మోటారూ కాలిపోయేది. ఆ తుపానులో వైండింగు చేసేవాణ్ణి ఎక్కడినుంచి తెస్తాం?

డీజిల్ ఫిల్టరు విప్పితే నిండా నీళ్లూ మడ్డీ. కడిగి, గాలి తీసి నడిపితే 50 నిలిచింది. స్క్రూ కొద్దిగా సర్దితే 415 వచ్చింది. అయినా మీటరు ముల్లు వణుకుతోంది. వెతగ్గా, రెగ్యులేటరుకి ఓల్టేజి కబురు మోసే సెన్సింగు వైరు టెర్మినల్ దగ్గర వదులు. అది పూర్తిగా ఊడి ఉంటే, ఓల్టేజి లేదనుకుని రెగ్యులేటరు ఫీల్డుకి ఉన్న కరెంటంతా తోసేది, 500 దాటినా ఆశ్చర్యం లేదు. బిగించాను.

1955లో మొదలైన మాచ్‌ఖండ్‌లోని పెద్ద యంత్రాలకైనా తీరు ఇదే. వేగం గవర్నరుది, ఓల్టేజి ఫీల్డుది.

సాయంత్రానికి ట్యాంకు నిండింది. రాత్రి కుర్రాడు తనంతట తానే ఫిల్టరు విప్పి చూపించాడు. మళ్లీ చెంబెడు నీళ్లు! పొద్దున్నే డీజిల్ డ్రమ్ము మార్పించాం.

సెలవు.