బోగస్ అన్నది ఎవర్ని?

(గట్టులో ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడా కొంచెం సరిచేసి పెడుతున్నం.)



నేను నల్లమల చెంచు బిడ్డను. డిగ్రీ చదివిన. మా దిక్కు నుంచి గట్టుకు రావాలంటే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు జిల్లాలు తిరగాలె. ఈ మూడు జిల్లాల్లో ఎక్కడ దిగి చాయ్ తాగినా ఒక్కటే మాట వినబడుతది: "ఎవడొచ్చినా గంతే." ముసలాయన అంటడు, ఇంటర్ చదివే పిల్లగాడు అంటడు, ఓటేసి వేలికి సిరా ఇంకా ఆరని అక్క కూడా అంటది.

ఇయ్యాల ఆ మాట గురించే మాట్లాడుత. ఆ మాట తెలివి గల్ల మాట లెక్క వినబడుతది. కానీ ఆ మాటతో ఎవరికి లాభమో చూడుండ్రి. మనం "గంతే" అని లేచిపోతే, కుర్చీల కూసున్నోడికి ఇంకెవరూ లెక్క అడగరు. మనకు నమ్మకం పోయినందుకు వాడికి బాధ లేదు. మన ప్రశ్న పోయినందుకు సంతోషమే.

ఒక్క రేషన్ కార్డు కథ తీసుకుందాం. ప్రభుత్వం, మిషన్, ఓటరు ముగ్గురూ అందులో ఉన్నరు.

2014 ఆగస్టు 19. తెలంగాణ వచ్చి ఇంకా మూడు నెలలు కూడా కాలే. సమగ్ర కుటుంబ సర్వే పెట్టిండ్రు. ఒక్క రోజుల రాష్ట్రం మొత్తం లెక్క. బస్సులు బంద్, దుకాండ్లు బంద్. బొంబాయికి, పూణెకు వలస పోయిన మన పాలమూరోళ్ళు దొరికిన రైలెక్కి, దొరికిన బస్సెక్కి ఊర్లకు ఉరికొచ్చిండ్రు. ఆ రోజు ఇంట్ల కనబడకపోతే రేపు పింఛన్ రాదు, కార్డు రాదు అని భయం. హైకోర్టులో మాత్రం ప్రభుత్వం "ఈ సర్వే స్వచ్ఛందం, బలవంతం లేదు" అని చెప్పింది. ఊర్లల్ల ఆ మాట మనకు ఎవరు చెప్పిండ్రు? కోర్టుకు ఒక మాట, కూలోడికి ఒక భయం. కోటికి పైగా కుటుంబాలు తమ ఇంటి గుట్టంతా కాయితం మీద రాయించినయి.

2016 నుంచి "సమగ్ర వేదిక" అనే మిషన్ నడిచింది. దాదాపు 30 శాఖల సమాచారాన్ని ఒక్క చోట కలిపే సాఫ్ట్‌వేర్ అది. రవాణా శాఖ కాడ బండ్ల లెక్క, కరెంటోళ్ళ కాడ బిల్లుల లెక్క, రెవెన్యూ కాడ భూమి లెక్క ఉంటయి. ఇవన్నీ కలిపితే మనిషి మొత్తం కనబడతడని వాళ్ళ నమ్మకం. కానీ ప్రతి శాఖ కాడ అందరి ఆధార్ నంబర్ ఉండదు. అందుకని ఆ మిషన్ పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి "ఈ ఇద్దరూ ఒక్కరే" అని అంచనా కడుతది. అది అంచనా మాత్రమే, సాక్ష్యం కాదు.

ఇప్పుడు మా పెంటల సంగతి ఆలోచించుండ్రి. ఒక్క పెంటలోనే లింగయ్యలు నలుగురుంటరు. ఇంటి నంబర్ ఉండదు. ఒకే ఇంటిపేరును ఒక ఆఫీసుల ఒక తీరు, ఇంకో ఆఫీసుల ఇంకో తీరు రాస్తరు. గట్టుల, ధరూర్‌ల, మల్దకల్‌ల తిమ్మప్పలు, నర్సింహులు ఎంతమంది లేరు? మిషన్ ఎవర్ని ఎవరితోని కలుపుతదో ఎవరికెరుక?

హైదరాబాద్‌ల రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారు ఉన్నదని ఈ లెక్కల తేలింది. కారు మరొకాయనది, పేరు మాత్రం దగ్గర దగ్గర ఉన్నది. ఆ ఇంటి కార్డు పోయింది. బియ్యం కోసం ఆయన భార్య హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. పట్నంల వకీలు దొరికితే గట్లయింది. అప్పాపూర్ అసుంటి అడవి లోపలి పెంటల అదే జరిగితే, ఎందుకు పోయిందో కూడా తెల్వకుండనే పోతది.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంల 18.6 లక్షల కార్డులు రద్దయినయి. కొత్తగా పెట్టుకున్న 1,42,086 దరఖాస్తులు తిప్పికొట్టిండ్రు. ఒక్క నోటీసు లేదు. దుకాణం కాడికి పోయి వేలు పెడితే "నీ కార్డు లేదమ్మా" అన్నదే నోటీసు. హైదరాబాద్ నుంచి ఒక సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టుకు పోతే, 2022 ఏప్రిల్‌ల కోర్టు "రద్దు చేసినవన్నీ మళ్ళీ ఇల్లిల్లు తిరిగి చూడండి" అన్నది. 4,91,899 మంది మళ్ళీ అర్జీ పెట్టిండ్రు. ఆ ఏడు జూలై నాటికి 2,05,734 అర్జీలు చూస్తే 15,471 కుటుంబాలు అర్హులని తేలింది. అంటే వందకు ఏడుకు పైగా. బోగస్ అని తీసేసిన ఇండ్లల్ల ఆకలి నిజమైనదే అని ప్రభుత్వం లెక్కలే చెప్పినయి.

ఏడే కదా అని ఎవరన్నా అంటే, మీ తరగతిల వందమంది పిల్లల్లో ఏడుగురికి మధ్యాహ్న భోజనం పెట్టకుండ "సాఫ్ట్‌వేర్ గట్ల చెప్పింది" అంటే ఊకుంటరా అని అడుగుండ్రి.

కార్డులు పోయేటప్పుడు మనం ఏం జేసినం? "బోగస్ కార్డులు ఏరేసినం, కోట్లు మిగిలినయి" అని చెప్తే చప్పట్లు కొట్టినం. పక్కింటోడి కార్డు పోతే "వాడికి ఏదో ఉండే ఉంటది లే" అన్నం. మన కార్డు పోనంత సేపు మిషన్ మంచిదే. చదువుకున్నోళ్ళం ఇంకా ముందుకు పోయి "కంప్యూటర్‌ల వచ్చినాక ఇగ అక్రమాలుండవ్" అని మన అవ్వలకే పాఠం చెప్పినం. సర్వే ఫారాలు నింపింది మన ఊరి పంతుళ్ళు, అంగన్‌వాడీ అక్కలు. కంప్యూటర్లకెక్కించింది మన లెక్క చదివిన పిల్లలే. మిషన్ ఆకాశం నుంచి ఊడిపడలే, మన చేతుల మీదుగనే పోయింది. ఎన్నికలప్పుడు నోటు తీసుకున్న చేయి మరునాడు నోటీసు అడగడానికి లేవదు. ఇది తిట్టడానికి చెప్తలేను. లెక్క అడగడం ఎక్కడ ఆగిపోయిందో చూపెట్టడానికి చెప్తున్న.

"ఓటుతోని ఏమైతది" అనేటోళ్ళకు ఇంకో ముచ్చట. 2015 మార్చిల ఎన్నికల సంఘం ఓటరు కార్డుకు ఆధార్ కలిపే పని మొదలుపెట్టింది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద ఆంక్షలు పెట్టినాక ఆ పని ఆగింది. ఆగేలోపు మన రాష్ట్రంల జాబితాల్లో కత్తిరింపులు అయిపోయినయి. 2018 డిసెంబర్ 7న ఓటేయపోయినోళ్ళు ఎంతోమంది పేర్లు లేక వాపస్ వచ్చిండ్రు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అధికారి సారీ చెప్పిండు. ఓటు మాత్రం ఆ రోజుకు వాపస్ రాలే. పనికిరాని దానిని ఎవరూ ఇంత జాగ్రత్తగ కోయరు. ఓటుకు విలువ ఉన్నదని జాబితా దిద్దేటోళ్ళకు తెలుసు, మనకే తెల్వదు.

సర్కారు మారితే మిషన్ మారిందా? 2023 డిసెంబర్‌ల కొత్త ప్రభుత్వం వచ్చింది. వచ్చిన నెలలోనే ప్రజాపాలన పేరుతోని కోటికి పైగా దరఖాస్తులు తీసుకున్నరు. మళ్ళీ లైన్లు, మళ్ళీ ఆధార్ జిరాక్సులు. జనవరిల ఆ దరఖాస్తులు కొన్ని హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డు మీద పడి దొరికినయి. మన పేర్లు, ఫోన్ నంబర్లు గాలికి ఎగిరినయి. ధరణిని బంగాళాఖాతంల వేస్తమన్నోళ్ళు భూభారతి తెచ్చిండ్రు. 2020ని ఒక సర్కారు కృత్రిమ మేధ సంవత్సరం అన్నది. 2024 సెప్టెంబర్‌ల ఇంకో సర్కారు కృత్రిమ మేధ ప్రపంచ సదస్సు పెట్టింది. జెండా రంగు మారింది, మిషన్ మీద మోజు మారలే.

ఢిల్లీ సర్కారూ అంతే. ఉపాధి హామీల 2023 జనవరి నుంచి పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో యాప్‌ల పెడితేనే హాజరు అన్నరు. ఫోన్ సిగ్నల్ కోసం చెట్టెక్కే పెంటల కాడ పని చేసినోడి చెమట కంటే ఫొటోకే విలువ ఎక్కువయింది. 2025 జూలై నుంచి అంగన్‌వాడీల ఇంటికిచ్చే పోషకాహారానికి తల్లి ముఖం స్కాన్ కావాలె. తేనె తీసి, గడ్డలు తవ్వి అరిగిన మా అవ్వల వేళ్ళు రేషన్ మిషన్‌కు ఆనవు. ఇగ ముఖం కూడా ఆనకపోతే ఏం చూపెట్టాలె?

ఇది మన దగ్గరనే అనుకోకుండ్రి. నెదర్లాండ్స్ అని బాగా ధనిక దేశం ఉన్నది. అక్కడ పిల్లల సంరక్షణకు ఇచ్చే భృతిల మోసగాళ్ళను పట్టడానికి కంప్యూటర్ లెక్క పెట్టిండ్రు. వేల కుటుంబాలను మోసగాళ్ళని ముద్రేసి డబ్బులు తిరిగి కట్టమన్నరు. బయటి దేశాల మూలాలున్నోళ్ళను ఎక్కువ అనుమానించిండ్రు. నిజం బయటపడ్డాక 2021 జనవరి 15న మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. మార్చిల ఎన్నికలయితే అదే ప్రధాని పార్టీ మళ్ళీ అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచింది. అంటే చదువు, డబ్బు ఉన్న దేశంల కూడా నష్టపోనోళ్ళు నష్టపోయినోళ్ళను తొందరగనే మరిచిపోయిండ్రు. ఈ రోగం మనదొక్కరిదే కాదు, ఓటరు అనేటోడిదే.

ఇంత చెప్పి "ఎవడొచ్చినా గంతే" అని కూసుంటనా? కూసోను. ఎందుకంటే 2019 ఉన్నది.

ఆ ఏడు మేల కేంద్ర అటవీ సలహా కమిటీ నల్లమలల యురేనియం అన్వేషణకు 83 చదరపు కిలోమీటర్లల్ల సూత్రప్రాయంగ ఒప్పుకున్నది. అమ్రాబాద్, పదర, మన్ననూర్ జనం రోడ్లెక్కిండ్రు. బంద్‌లు చేసిండ్రు. అధికారుల బండ్లను ఆపిండ్రు. ఇవే ఫోన్లు, ఇదే ఇంటర్నెట్ మన చేతిల ఉన్నయి కాబట్టి అడవి గొంతు హైదరాబాద్‌కు చేరింది. సినిమావాళ్ళు, కవులు, విద్యార్థులు గొంతు కలిపిండ్రు. సెప్టెంబర్‌ల అసెంబ్లీ యురేనియం వద్దని తీర్మానం చేసింది. అధికారంల ఉన్నది ఏ దేవుళ్ళో కాదు, అదే ప్రభుత్వం, అదే సమగ్ర వేదిక నడిపిన ప్రభుత్వం. ఒత్తిడి ఉన్న కాడ వంగింది, ఒత్తిడి లేని కాడ కార్డులు కోసింది. ఎవడొచ్చినా గంతే అన్నది అబద్ధం. ఎవరూ అడగకపోతే గంతే.

మిషన్ మనకు శత్రువు కాదు. గట్టు మండలం నీతి ఆయోగ్ ఆకాంక్షిత బ్లాకుల్లో ఉన్నది. అక్షరాస్యతల బాగా వెనకబడ్డదని దేశమంతా చెప్పుకునే మండలం ఇది. ఢిల్లీల ఒక తెర మీద మన అంకెలు కదులుతయి. పత్తి విత్తనాల చేన్లల్ల బడికి పోవాల్సిన పిల్లలు పూలు గిల్లుతుంటే ఆ తెర మీద కనబడుతదా? వాళ్ళకు మనం కనబడాలంటే సరిపోదు, వాళ్ళు ఏం చేస్తున్నరో మనకు కనబడాలె. కార్డు ఎవరిది పోయింది, ఏ కారణంతోని, ఎవరి సంతకంతోని అన్నది ఊరందరి ముందల తెలవాలె.

అందుకే ఈ సభల నాలుగు పనులు పెడుతున్న.

ఒకటి. ఊర్లె ఎవరి కార్డు, పింఛన్, హాజరు ఆగినా కారణం కాయితం మీద అడుగుదాం. నోటిమాట వద్దు. ఆహార భద్రతా చట్టం 2013ల జిల్లాకొక ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రానికొక ఆహార కమిషన్ ఉండాలని ఉన్నది. ఆ అర్జీ రాసేది చదువుకున్న మనమే.

రెండు. గ్రామసభల రద్దయినోళ్ళ జాబితా గట్టిగ చదివించాలె. అర్హుల జాబితా ఒక్కటే చదివితే సగం నిజమే. అదే చట్టంల సామాజిక తనిఖీ కూడా రాసి ఉన్నది. లేకపోతే ఎందుకు లేదో అడుగుదాం.

మూడు. ఓటరు జాబితా ముసాయిదా వచ్చిన రోజే చూద్దాం, పోలింగ్ రోజు కాదు. 2025 ఆగస్టుల బిహార్‌ల దాదాపు 65 లక్షల పేర్లు ముసాయిదాల లేకుండ పోయినయి. సుప్రీంకోర్టు చెప్పినాకనే ఆ పేర్లు, కారణాలతోని సహా, బయటపెట్టిండ్రు. అడిగితేనే కారణం బయటికొస్తది. వలస పోయినోళ్ళ పేర్లు ముందుగ పోతయి. పాలమూరోళ్ళకు ఇది ప్రత్యేకంగ చెప్పే పని లేదు.

నాలుగు. ఓటు అడగడానికి ఎవరొచ్చినా, ఏ జెండా అయినా, ఒక్క ప్రశ్న: "మిషన్ తప్పు చేస్తే బాధ్యత ఎవరిది? పేరు చెప్పు." సీసీ రోడ్డు అడుగుండ్రి, నీళ్ళు అడుగుండ్రి, దాంతోపాటు ఇది కూడా అడుగుండ్రి. జవాబు చెప్పనోడు నోటిస్తే, ఆ నోటు మన కార్డు ధర అని యాది పెట్టుకోండ్రి.

అర్జీ రాస్తే తెల్లారేసరికి కార్డు రాదు. ఆఫీసులు తిప్పుతరు. కొన్నిసార్లు ఓడిపోతం కూడా. కానీ మళ్ళీ అర్జీ పెట్టుకున్నోళ్ళల్ల 15,471 కుటుంబాలు అర్హులని తేలినయి. అర్జీ పెట్టనోళ్ళు ఆ లెక్కలనే లేరు.

రేపు మీ ఊరికి పోయినాక మొదటి పని చెప్తున్న. మీ వాడల రేషన్ ఆగిన ఇల్లు ఒక్కటి వెతుకుండ్రి. ఆ అవ్వ కాడ కూసోని, ఆమె పేరు మీద ఒక అర్జీ రాసి, రశీదు తీసుకొని రాండ్రి. వచ్చే సమావేశానికి ఉపన్యాసాలు వద్దు, ఆ రశీదులు పట్టుకొని వస్తే చాలు.

జై ఆదివాసీ! జై నల్లమల!