తాళపుచెవి ఎవరి చేతిలో?

(దామరచర్ల సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



మన దామరచర్లలో వరి వేయు ప్రతి కుటుంబమునకు తెలిసిన సంగతితో మొదలుపెట్టుదుము. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో మొదటిసారి నీరు వదలిరి. ఆనాటినుండి నేటివరకు ఎడమ కాలువకు నీరు ఎన్నడు వచ్చునో మన చేతిలో లేదు. అయినను నారుమడి దున్నుట, గట్టు వేయుట, మడవ కట్టుట మన చేతిలోనే యున్నవి. పార భుజమున వేసికొని పొలమునకు పోవు రైతు ముఖములోని ధైర్యము అరుగుమీద ఊరక కూర్చున్నవాని ముఖములో కనబడదు. "ఇది నా చేతిలో ఉన్నది" అను తలంపునకు మనిషి సంతోషములో గొప్ప పాలు గలదు.

ఈ సంగతి మేము మా యింటిలోనే నేర్చుకొంటిమి. నాయనగారు పోయిన పిమ్మట మా అమ్మను పల్లెనుండి మా యొద్దకు తెచ్చుకొంటిమి. "ఇన్నాళ్లు కష్టపడితివి, ఇక కూర్చో అమ్మా" అంటిమి. బియ్యపు డబ్బా, బీరువా తాళపుచెవి, కూరగాయల బేరము అన్నియు మేమే తీసికొంటిమి. ఆరు మాసములు తిరుగకముందే ఆమె మాట తగ్గెను, తిండి తగ్గెను. డాక్టరుగారు చూచి జబ్బేమియు లేదనిరి. ఒకనాడు ఆమెయే చెప్పెను: "బిడ్డా, ఈ ఇంట్ల నాతోని అయ్యే పనేమున్నది? మీరు పెడితే తింట, పండుమంటే పంట."

ప్రేమ అనుకొని మేము ఆమె చేతిలోని బ్రదుకును లాగుకొంటిమి.

అమెరికాలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక వృద్ధాశ్రమములో చేసిన పరిశీలనను 1976లో ప్రచురించిరి. ఒక అంతస్తులోని వృద్ధులకు గది సర్దుకొనుట, సినిమా చూచు రోజు కోరుకొనుట వారి యిష్టమునకే విడిచి, తలకొక మొక్కనిచ్చి పెంచుకొనమనిరి. వేరొక అంతస్తువారికిని మొక్కలిచ్చిరి గాని నీరు నర్సులే పోసిరి. సినిమా రోజును సిబ్బందియే నిర్ణయించిరి. మూడు వారములకే మొదటివారు ఎక్కువ చురుకుగా, సంతోషముగా కనబడిరి. పరిశీలింపబడినవారు నూరుమందికి లోపే గనుక మొక్క పెంచిన ఆయుష్షు పెరుగునని మేము చెప్పము. చిన్న పెత్తనమైనను మనసుకు బలమని మాత్రము చెప్పుదుము.

అన్నియు మన చేతిలోనివే అనుటయు తప్పే. అప్పులలో మునిగినవానితో, రోగముతో మంచము పట్టినవానితో "అంతా నీ చేతిలోనే ఉన్నది" అనుట ఓదార్పు కాదు, పుండుమీద కారము. కాలువ వేరు, మడవ వేరు. అతనికి మిగిలిన మడవ ఏదో వెదకి చూపుట మన పని. 38 ఏండ్లు రోగియై పడియున్నవానిని యేసు ప్రభువు బాగుచేయుటకు ముందు అతని కోరిక ఏమిటో అడిగెను. అడుగుటలోనే మర్యాద యున్నది.

మేము తాళపుచెవిని అమ్మ కొంగునకు తిరిగి కట్టితిమి. పెరటిలో చిక్కుడు పాదు ఆమెకే విడిచితిమి. రెండుసార్లు కూరలో ఉప్పు ఎక్కువైనది. మారుమాట లేక తింటిమి. ఇప్పుడు కూరగాయల బండివానితో ఆమె చేయు బేరము వీధి చివరివరకు వినబడుచున్నది.

ఈ రాత్రి మీరు ఇంటికి పోయి మీ పెద్దవారిని, "రేపు ఏమి వండుకొందము?" అని అడుగుడి. జవాబు చెప్పువరకు పక్కనే కూర్చుండుడి. చెప్పినదే వండుడి.

సెలవు.